సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు



తాళం తిప్పితే బానెట్ కింద సెల్ఫ్ తిరుగుతుంది. దాంతోపాటు ఇంజిన్ కూడా తిరుగుతుంది. కానీ ఎంతసేపు తిప్పినా అందుకోదు. పాత కారున్న ఇళ్లలో ఈ చప్పుడు ఎరగనివాళ్లుండరు. అది విన్నాక మనలో చాలామంది చేసే పని మళ్లీ తాళం తిప్పడం. ఆ తర్వాత మళ్లీ. బ్యాటరీ నీరసించి ఆ చప్పుడు కూడా సన్నగిల్లాక మెకానిక్కుకి ఫోన్ చేస్తాం. ఆయన వచ్చి ప్లగ్గులు మారుస్తాడు, లాభం ఉండదు. కాయిల్ మారుస్తాడు, అదీ అంతే. చివరికి కార్బరేటర్ విప్పుతాడు. సాయంత్రానికి బండి స్టార్టవుతుంది, బిల్లు వేలల్లో వస్తుంది, అసలు చెడిపోయింది ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ పద్ధతి పోవాలని చెప్పడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను. పాత బండిలో లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి ఊహలు అక్కర్లేదు. కన్ను, ముక్కు, చెవి, ఒక ప్లగ్గు స్పానరు, వైరు తగిలించిన 12 వోల్టుల బల్బు ఒకటి ఉంటే చాలు. ఏ సామానైనా అది పోయిందని చూసి తేల్చుకున్నాకే మార్చాలి, అంతకుముందు కాదు.

మాట సూటిగా సాగడానికి ఒక్క బండిని తీసుకుంటాను. కార్బరేటర్ ఉన్న మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఒక ఢిల్లీ కుటుంబానికి అందాయి. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. మన హైదరాబాదులో అంతకంటే ముందే, 2010లో భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధనలు రావడంతో కొత్తవి అమ్మడం మానేశారు. ఇంజిన్ 796 సీసీ, మూడే సిలిండర్లు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ చేతికి అందుతుంది. నేర్చుకోదలచినవాళ్లకి ఇంతకంటే మంచి ఇంజిన్ మన దేశంలో మరొకటి రాలేదని నా అభిప్రాయం. అంబాసిడర్ ఉన్నవాళ్లకీ, పద్మిని ఉన్నవాళ్లకీ ఇవాళ చెప్పేదాంట్లో చాలా భాగం వర్తిస్తుంది.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందంటే అదే ఒక శుభవార్త. బ్యాటరీలో సత్తువ ఉంది, స్టార్టర్ మోటారు బాగుంది, ఇంజిన్ బిగుసుకుపోలేదు. ఇక కావలసినవి పెట్రోలు, గాలి, స్పార్క్, సిలిండరులో ఒత్తిడి. ఇవన్నీ సరైన క్షణంలో కలవాలి. వీటిలో ఏది రావడం లేదన్నదే ప్రశ్న.

ముందు తాళం మీంచి చెయ్యి తియ్యండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు చిన్న కారులో కూడా వంద ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒక్కో విడత పది సెకన్లు మించకూడదు, విడతకీ విడతకీ మధ్య కనీసం అర నిమిషం ఆగాలి. అలా కాకపోతే రోగం ఒకటైతే చచ్చేది బ్యాటరీ అవుతుంది.

ఆ అర నిమిషంలో కొన్ని సంగతులు గుర్తు చేసుకోండి. బండి నడుస్తూ నడుస్తూ ఆగిందా, రాత్రి బాగానే ఉండి పొద్దున మొండికేసిందా? వాన పడిందా? నిన్న వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చారా? బానెట్ ఎత్తి గొట్టంతో నీళ్లు కొట్టించాక స్టార్టు కాని బళ్లు లెక్కలేనన్ని. ఎవరైనా నిన్న మొన్న బానెట్ కింద చెయ్యి పెట్టారా? పెట్టి ఉంటే ముందు అక్కడే చూడండి. ఇంకో సంగతి. దొంగల భయంతో డ్యాష్‌బోర్డు కిందో సీటు కిందో కనబడకుండా ఒక స్విచ్చి పెట్టించుకోవడం మన దగ్గర ఒకప్పుడు బాగా ఉండేది. సెకండ్ హ్యాండులో కొన్నవాళ్లకి అది ఉన్నట్టే తెలియదు. దిగేటప్పుడో ఎక్కేటప్పుడో మోకాలు తగిలి అది ఆఫ్ అయిందంటే, ఆ పూట మెకానిక్కు ఎంత వెతికినా తప్పు దొరకదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక ప్లగ్గు విప్పి చేతిలోకి తీసుకోండి. ఈ ఒక్క పని సగం పొరపాట్లను ఆపేస్తుంది కాబట్టి దీని దగ్గర కాస్త నిలబడదాం. నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాక తీసిన ప్లగ్గు కొన పొడిగా ఉండి, పెట్రోలు వాసనే రాకపోతే సిలిండరులోకి పెట్రోలు వెళ్లడం లేదు. అలాంటప్పుడు కాయిల్ జోలికి పోవడం దండగ. కొన తడిసి మెరుస్తూ, ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున వాసన కొడితే పెట్రోలు వస్తోంది, స్పార్కే రావడం లేదు. లేదా చోక్ ఎక్కువసేపు లాగి ఉంచడం వల్ల పెట్రోలు మితిమీరి, ఉన్న స్పార్క్ కూడా మునిగిపోయింది. కొన నల్లటి మసితో పొడిపొడిగా ఉంటే బండి చాన్నాళ్లుగా పెట్రోలు ఎక్కువ తాగుతోందన్నమాట. నున్నటి జిడ్డు నూనె అంటి ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకొస్తోంది. ఒక్క ప్లగ్గు ఇన్ని సంగతులు చెబుతుంటే, దాన్ని చూడకుండా మూడూ పారేసి కొత్తవి బిగించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మితిమీరిన పెట్రోలుకి మందు తేలిక. చోక్ పూర్తిగా లోపలికి నెట్టండి. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి అలాగే పట్టుకోండి. పదేపదే తొక్కి వదలొద్దు, తొక్కిన ప్రతిసారీ కార్బరేటర్లోకి మరికాస్త పెట్రోలు చిమ్ముతుంది. అలా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే గాలి నిండుగా వెళ్లి లోపల తడి ఆరుతుంది. ఒకటి రెండు సార్లు దగ్గి అందుకుంటుంది.

తడి ప్లగ్గు తుడిచినా అందుకోకపోతే స్పార్క్ వెతకాలి. దీనికి ముందు జాగ్రత్తలు. గేరు న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు, దీపం ఉండకూడదు. విప్పిన ప్లగ్గు రంధ్రం దగ్గర పరీక్ష చెయ్యకూడదు, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. ప్లగ్గు వైరులో పదిహేను ఇరవై వేల వోల్టులు ఉంటాయి, ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. పాత ప్లగ్గు ఒకటి వైరుకి తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి గట్టిగా ఆనించి, రబ్బరు పట్టున్న పట్టకారుతో పట్టుకుని, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. గాలిలో వైరు వదిలేసి కొట్టకూడదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండి అయితే అందులోని మాడ్యూల్ కాలిపోవచ్చు.

మంచి స్పార్క్ నీలంగా, టక్ టక్‌మని చప్పుడు చేస్తూ దూకుతుంది. పచ్చగా, సన్న దారంలా, చప్పుడు లేకుండా వస్తే అది ఉన్నా లేనట్టే. బయట గాలిలో ఎలాగోలా దూకే ఆ బలహీనమైన స్పార్క్, సిలిండరు లోపలి ఒత్తిడిలో దూకలేదు.

ప్లగ్గు దగ్గర స్పార్క్ లేదు. అప్పుడు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరు మధ్యలోకి వచ్చే లావు వైరు పీకి, దానికే ఇదే పరీక్ష చెయ్యండి. అక్కడ బలంగా ఉండి ప్లగ్గుల దగ్గర లేదంటే దోషం మధ్యలో ఉంది. అంటే డిస్ట్రిబ్యూటరు మూత, లోపల తిరిగే రోటరు, ప్లగ్గు వైర్లు. మన షెడ్లలో డెల్కో అనేది దీన్నే. రెండు క్లిప్పులు వదులు చేస్తే మూత ఊడుతుంది. దాన్ని వెలుతురు వైపు తిప్పి లోపలికి చూడండి. గోడల మీద మంచు పట్టినట్టు చెమ్మ ఉందా? కోస్తా జిల్లాల్లో తుపాను రోజుల్లో పొద్దున్నే బళ్లు మొరాయించడానికి ఇది పెద్ద కారణం. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, ఖర్చు లేదు. మధ్యలో స్ప్రింగు మీద నిలబడ్డ చిన్న కార్బన్ ముక్క ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోయి తిరిగి పైకి రావాలి. అది అరిగిపోయినా ఇరుక్కున్నా స్పార్క్ రోటరుకి చేరదు. అన్నిటికంటే కనిపెట్టడం కష్టమైంది ఇంకొకటుంది. ఒక కొన నుంచి ఇంకో కొనకో, అంచుకో పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లగీత. అది మరక కాదు, స్పార్క్ దొంగదారిన పారి పారి ప్లాస్టిక్కుని కాల్చిన జాడ. తుడిస్తే పోదు. మూత మార్చాల్సిందే. ఆ గీత కంటబడ్డాక మాత్రం ఏమీ సందేహించకుండా డబ్బు ఖర్చుపెట్టండి.

వైర్లు మళ్లీ తగిలించేటప్పుడు వరస తప్పొద్దు. ఈ ఇంజిన్లో వరస 1-3-2. ఏ వైరు ఎక్కడిదో పీకకముందే గుర్తు పెట్టుకోండి. వరస మారితే బండి కార్బరేటర్లోంచి తుమ్ముతుంది, మంట వెనక్కి కొట్టే ప్రమాదం కూడా ఉంది. వైర్ల ఒంటిని కూడా వేలితో తడుముతూ చూడండి. వారం పదిరోజులు నిలిపిన బండిలో ఎలుకలు కొరికిన గాట్లు దొరకడం మామూలే.

కాయిల్ వైరు దగ్గర కూడా స్పార్క్ లేకపోతే బల్బు బయటికి తియ్యండి. బల్బు ఒక వైరు ఇంజిన్ లోహానికి తగిలించి, తాళం ఆన్ చేసి, రెండోది కాయిల్ ప్లస్ దగ్గర పెట్టండి. వెలగలేదంటే కాయిల్‌కి కరెంటే రావడం లేదు. ఫ్యూజు, తాళం స్విచ్చి, లేదా ఇందాక చెప్పిన ఆ రహస్య స్విచ్చి. వెలిగితే బల్బుని మైనస్ వైపుకి మార్చి సెల్ఫ్ కొట్టించండి. పాయింట్లు, అంటే డిస్ట్రిబ్యూటరులో కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటుని తెంపే లోహపు ముఖాలు, ఉన్న బండిలో బల్బు ఆరుతూ వెలుగుతూ ఉండాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలుసుకోవడం లేదు, లేదా వాటి ముఖాలు కాలి మసిబారాయి. అసలు వెలగకపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా లోపలి వైరు బాడీకి తగులుతోంది, లేదా కాయిల్ లోపలే తెగింది. సరిగ్గా మినుకుమినుకుమంటున్నా స్పార్క్ రాకపోతేనే కాయిల్‌నీ, కండెన్సరునీ అనుమానించాలి. పాయింట్ల ముఖాన్ని సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లకి సరిచేస్తే చాలా బళ్లు అక్కడికక్కడే అందుకుంటాయి.

సెల్ఫ్ మోటారుకీ, ఈ పాయింట్లూ కాయిలూ ఉన్న పద్ధతికీ మూలపురుషుడు ఒక్కరే, అమెరికా ఇంజినీరు చార్లెస్ కెటరింగ్. ఆయన ఇగ్నిషన్ 1910 మోడల్ క్యాడిలాక్‌లో వచ్చింది, సెల్ఫ్ 1912 మోడల్లో. అంతకుముందు బండి ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాల్సిందే. మన పాత అంబాసిడర్లకి కూడా ఆ హ్యాండిల్ ఇచ్చేవారు.

మళ్లీ స్పార్క్ దగ్గరికొస్తే, చెవితో పట్టాల్సిన రెండు లక్షణాలున్నాయి. వీటిని గమనించినవాళ్లకి గంటల శ్రమ తప్పుతుంది. ఒకటి, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ అందుకోకుండా, తాళం వదిలిన ఆ ఒక్క క్షణంలో ఇంజిన్ ఒకసారి ఎగదన్నుతుంది. అంటే బ్యాటరీ బలహీనంగా ఉంది. ఉన్న శక్తినంతా సెల్ఫే లాగేసుకుని కాయిల్‌కి మిగల్చడం లేదు. తాళం వదిలేసరికి కాయిల్‌కి అందుతోంది, కానీ అప్పటికి ఇంజిన్ ఆగిపోతోంది. బ్యాటరీ చార్జి చెయ్యండి, టెర్మినళ్ల మీద తెల్లటి పూత గీకండి, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందేమో చూడండి. రెండోది దీనికి సరిగ్గా తలకిందులు. తాళం తిప్పి పట్టుకున్నంతసేపూ ఇంజిన్ అందుకుంటుంది, వదలగానే చస్తుంది. ఇది తాళం స్విచ్చిలోనో, కొన్ని బళ్లలో కాయిల్‌కి ముందుండే రెసిస్టరులోనో లోపం. ఈ రెండు సందర్భాల్లోనూ కార్బరేటర్ విప్పినవాళ్లని చూశాను. కార్బరేటర్ పాపం ఏమీ చెయ్యలేదు.

ఇక ప్లగ్గు పొడిగా ఉన్న బండి. మొదట ట్యాంకులో ఒక లీటరు పెట్రోలు పొయ్యండి. నవ్వుకోవద్దు, పాత బళ్లలో ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోవడం చాలా మామూలు. తర్వాత ఎయిర్ ఫిల్టరు మూత తీసి, సెల్ఫ్ కొట్టకుండా, కార్బరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ మీటని చేత్తో లాగండి. సన్నటి ధారగా పెట్రోలు చిమ్మాలి. చిమ్మితే ఫ్లోట్ చాంబరులో పెట్రోలు ఉంది, జెట్లలో మట్టో జిగురో అడ్డుపడి ఉండొచ్చు. చిమ్మకపోతే పంపు దగ్గరికి వెళ్లాలి. పంపు నుంచి కార్బరేటర్‌కి వెళ్లే పైపు ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ ప్లస్‌కి వచ్చే సన్న వైరు పీకేసి, సెల్ఫ్ కొట్టించండి. గుక్కగుక్కగా బలంగా పడాలి. ఈ పంపు క్యామ్ షాఫ్ట్ తిరుగుడు మీదే ఆడుతుంది కాబట్టి సెల్ఫ్ తిరక్కపోతే అది పనిచెయ్యదు. పడకపోతే పంపులో డయాఫ్రమ్ చిరిగి ఉండాలి, లేదా ఫిల్టరు పూడి ఉండాలి, లేదా ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎక్కడో పగిలి పెట్రోలు బదులు గాలి పీల్చుకుంటూ ఉండాలి. ట్యాంకు మూత తియ్యగానే ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడై, ఆ తర్వాత బండి హాయిగా స్టార్టయితే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. సూదితో పొడిస్తే సరిపోతుంది.

యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటేనే బతికి, వదలగానే ఆగిపోయే బండికి వేరే పరీక్ష ఉంది. తాళం ఆన్ చేసినప్పుడు కార్బరేటర్ దగ్గర చెవి పెట్టండి. చిన్నగా టిక్ మనాలి. ఆ టిక్ లేకపోతే ఐడ్లింగ్‌కి పెట్రోలు వదిలే సోలినాయిడ్‌కి కరెంటు అందడం లేదు, లేదా అదే పోయింది.

మన ఎండల మాట కూడా చెప్పాలి. మే నెలలో రెంటచింతల వైపో రామగుండం వైపో ప్రయాణం చేసి, టీ తాగడానికి పది నిమిషాలు ఆపిన బండి మళ్లీ అందుకోదు. ఇంజిన్ వేడికి పంపులో, పైపులో పెట్రోలు మరిగి ఆవిరై కూర్చుంటుంది. పంపు ఆవిరిని తోడలేదు. అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేవారు. అది చాదస్తం కాదు, చాలా సరైన వైద్యం. పావుగంట ఆగినా అంతే.

ఇప్పుడు దీనికి తోడు ఇంకో సంగతి వచ్చింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మన బంకుల్లోకి వస్తోంది. ఎనభైలలో, తొంభైలలో చేసిన రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు, సీళ్లు దానికోసం చేసినవి కావు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకు అడుగున నీరు చేరొచ్చు, పాత పెట్రోలు వార్నిషులా వాసన వేస్తుంది. అలాంటిది పారబోసి కొత్తది పొయ్యకుండా ఏ పరీక్ష చేసినా వృథా. పాత మారుతి ఉన్నవాళ్లు ఈ ఏడాదే పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే కొత్తవి వేయించుకోండి. పాతవి మెత్తబడి, చెమర్చి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారిస్తే అది స్టార్టు కాకపోవడం కంటే ఎంతో పెద్ద సమస్య.

స్పార్క్ ఉంది, పెట్రోలు ఉంది, అయినా అందుకోదు. అప్పుడు చూడాల్సింది ఒత్తిడి. సెల్ఫ్ చప్పుడు గుర్తుంది కదా, మామూలుగా అది ఒక్కో సిలిండరు దగ్గర కాస్త బరువెక్కుతూ ఎగుడుదిగుడుగా వస్తుంది. అలా కాకుండా అడ్డూ ఆపూ లేకుండా గిర్రున తిరిగిపోతుంటే, డిస్ట్రిబ్యూటరు మూత తీసి సెల్ఫ్ కొట్టించండి. ఇంజిన్ తిరుగుతున్నా లోపల రోటరు కదలకపోతే టైమింగ్ బెల్టు తెగింది. ఇంక సెల్ఫ్ కొట్టొద్దు, షెడ్డుకి లాక్కెళ్లండి. రోటరు తిరుగుతుంటే కంప్రెషన్ గేజి పెట్టించాలి. ఒక సిలిండరులో ఒత్తిడి తక్కువ వస్తే, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో తక్కువుంటే హెడ్ గ్యాస్కెట్టు మీద అనుమానం.

కార్బరేటర్ లేని తర్వాతి మారుతులు కూడా ఇప్పుడు పాతవే. వాటిలో తాళం ఆన్ చెయ్యగానే వెనక ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు సన్నగా గుంయ్‌మనాలి. ఆ చప్పుడు లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరసలో చూడాలి. ఉంటే స్కానరు పెట్టించండి. స్కానరు చూపే అంకె ఒక అనుమానం మాత్రమే, తీర్పు కాదు. అది చూపించిన సెన్సారు కొత్తది కొనేముందు దాని వైరు తెగలేదని చూడమని అడగండి.

మెకానిక్కుకి ఫోన్ చేసినప్పుడు "బండి స్టార్టు కావట్లేదన్నా" అని ఒక్క మాటతో వదిలెయ్యకండి. సెల్ఫ్ ఎంత గట్టిగా తిరుగుతోంది, ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా, కాయిల్ దగ్గర స్పార్క్ ఏ రంగులో ఉంది, కార్బరేటర్లో ధార వస్తోందా, ఈ నాలుగూ చెప్పండి. ఏ సామాను తెచ్చుకోవాలో ఆయనకి షెడ్డులోనే తెలిసిపోతుంది. పని అయ్యాక తీసేసిన పాత సామాను అడిగి తీసుకుని, అది ఎక్కడ పోయిందో చూపించమనండి. మంచి మెకానిక్కు సంతోషంగా చూపిస్తాడు.

బండి అందుకున్నాక వెంటనే ఆపేయకండి. అంతసేపు సెల్ఫ్ కొట్టడంతో నీరసించిన బ్యాటరీ తిరిగి నిండాలి, ఓ అరగంట రోడ్డు మీద నడపండి.